డ్రైసూట్ చలికోటు కాదు

సంపాదకులు గారికి నమస్కారాలు.

గత నెల మీ ఆదివారం అనుబంధంలో ఐస్‌లాండ్ యాత్ర గురించి వచ్చిన వ్యాసాన్ని హైదరాబాదులో ఉండే మా చెల్లెలి కొడుకు ఫొటో తీసి నాకు పంపాడు. వ్యాసం బాగుంది, బొమ్మలు ఇంకా బాగున్నాయి. సిల్ఫ్రా పగులులోని నీలి నీళ్ల గురించి రాసిన పేరా చదువుతుంటే, ఒకసారి అక్కడికి వెళ్లివచ్చిన నాకు మళ్లీ వెళ్లాలనిపించింది. అయితే ఒక్క వాక్యం దగ్గర మాత్రం మనసు ఆగిపోయింది. నీళ్లు ఎంత చల్లగా ఉన్నా, నీరు చొరబడని డ్రైసూట్ ఒకటి తొడుక్కుంటే చాలు, ఎవరైనా నిశ్చింతగా డైవింగ్ చేయవచ్చునన్నది ఆ వాక్యం సారాంశం. మావాడు దాని కింద ఎర్ర గీత గీసి, "పెద్దమ్మా, తొడుక్కుంటే చాలట! ఫిబ్రవరికి టికెట్లు చూస్తున్నాను" అని రాశాడు. వాడికి ఆ రాత్రి ఫోనులో గంటసేపు చెప్పిన సంగతులనే, వాడిలాంటి పాఠకులు మరికొందరు ఉండకపోరన్న ఉద్దేశంతో మీకు రాస్తున్నాను.

నేను కాకినాడ దగ్గర పుట్టి పెరిగి, పద్నాలుగేళ్లుగా ఇంగ్లండులోని లెస్టర్‌లో స్థిరపడిన ఫార్మసిస్టును. డైవింగ్ నా వృత్తి కాదు, నేను ఎవరికీ నేర్పేదాన్నీ కాదు. 2016లో సెలవులకు ఇండియా వచ్చినప్పుడు అండమాన్‌లో, అప్పటికింకా హావ్‌లాక్ అనే పిలుస్తున్న నేటి స్వరాజ్ ద్వీప్‌లో, నాలుగు రోజుల్లో సర్టిఫికెట్ సంపాదించాను. అక్కడి నీళ్లు 28 డిగ్రీలు. ఒంటికి అతుక్కునే మూడు మిల్లీమీటర్ల పలుచని సూటు, మునగడానికి నడుముకు రెండు మూడు సీసపు దిమ్మలు, కళ్ల ముందు రంగురంగుల చేపలు. డైవింగ్ అంటే ఇంతే కాబోలు అనుకుని లెస్టర్‌కు తిరిగి వచ్చాను. ఇక్కడి చల్లని నీళ్లలో దిగడానికి నాకు కావలసింది కాస్త మందమైన సూటు మాత్రమేనని, అంటే చలికాలంలో స్వెటరు మీద కోటు వేసుకున్నట్టు సర్దుకుంటే సరిపోతుందని, నేను కూడా మీ వ్యాసకర్తలాగే నమ్మాను. ఆ నమ్మకం పోవడానికి నాకు ఒక చలికాలమంతా పట్టింది.

మొదట సిల్ఫ్రా సంగతే చెబుతాను. థింగ్‌వెల్లిర్ జాతీయోద్యానంలో ఉత్తర అమెరికా, యురేషియా భూఫలకాలు ఏడాదికి సుమారు రెండు సెంటీమీటర్ల చొప్పున విడిపోతున్న చోట ఏర్పడిన పగులు అది. లాంగ్‌యోకుల్ హిమానీనదం నుంచి కరిగిన నీరు దశాబ్దాల పాటు లావా రాళ్లలో వడగట్టుకుని అందులోకి ఊరుతుంది. అందుకే అంత తేట. వంద మీటర్ల దూరం వరకూ స్పష్టంగా కనిపిస్తుందని మీ వ్యాసం రాసింది, అది నిజమే. ఏడాది పొడుగునా ఆ నీటి ఉష్ణోగ్రత 2 నుంచి 4 డిగ్రీల మధ్య ఉంటుందన్నదీ నిజమే. వ్యాసం చెప్పనిదేమిటంటే, అక్కడ రెండు వేర్వేరు పనులు జరుగుతాయి. ముఖాన గాజు తొడుగు, నోట గొట్టం పెట్టుకుని నీటిపైన బోర్లా తేలుతూ కిందికి చూసే స్నార్కెలింగ్ ఒకటి, వీపున సిలిండర్ కట్టుకుని నీటిలోపలికి దిగే డైవింగ్ మరొకటి. రెండింటికీ డ్రైసూటే వేస్తారు కనుక ఫొటోల్లో రెండూ ఒకేలా కనిపిస్తాయి. స్నార్కెలింగ్‌కు ఈత వచ్చి, నీళ్లంటే బెరుకు లేకపోతే సరిపోతుంది. డైవింగ్‌కు మాత్రం డ్రైసూట్ శిక్షణ పొందిన సర్టిఫికెట్ గానీ, డ్రైసూట్‌లో కనీసం పది డైవ్‌లు చేసినట్టు లాగ్‌బుక్ (చేసిన డైవ్‌లు రాసుకునే పుస్తకం) గానీ చూపాలి. అప్పుడు కూడా 18 మీటర్ల లోతు దాటనివ్వరు. అండమాన్‌లోనో, గోవాలోనో, మన రుషికొండలోనో తీసుకున్న మామూలు సర్టిఫికెట్ ఒక్కటీ పట్టుకుని వెళ్తే వెనక్కి పంపిస్తారు. పంపించడమే మేలని నా అభిప్రాయం.

ఎందుకో చెప్పాలంటే ఆ దుస్తుల తత్వం చెప్పాలి. గాలితో పోలిస్తే నీరు ఒంటి వేడిని దాదాపు పాతిక రెట్లు వేగంగా లాగేస్తుంది. వెట్‌సూట్ అనేది నురుగులాంటి రబ్బరు. దానికీ ఒంటికీ నడుమ చేరిన పలుచని నీటిపొర ఒంటి వేడికే వెచ్చబడి కాస్త కాపాడుతుంది. కానీ ఆ రబ్బరులోని గాలి బుడగలు లోతుకు వెళ్లేకొద్దీ నలిగి, సూటు మందం తగ్గిపోతుంది. అంటే చలి ఎక్కువయ్యే చోటనే దుప్పటి పలుచబడుతుంది. డ్రైసూట్ దీనికి పూర్తిగా విరుద్ధం. మెడ దగ్గర, మణికట్ల దగ్గర పలుచని రబ్బరు పట్టీలు నీటిని ఆపుతాయి, పాదాలకు బూట్లు సూటుకే అతికి ఉంటాయి, నీరు చొరబడని బరువైన జిప్ ఒకటి భుజాల మీదుగా గానీ, ఛాతీకి అడ్డంగా గానీ ఉంటుంది. మనల్ని వెచ్చగా ఉంచేది ఆ సూటు కాదు, దాని లోపల వేసుకునే మెత్తటి దుస్తుల్లో నిలిచిన గాలి. ఆ గాలిని కాపాడుకోవడమే డ్రైసూట్ వేసుకోవడం. కష్టమంతా కూడా ఆ గాలితోనే.

తొడుక్కోవడమే ఒక విద్య. ఇక్కడి డైవింగ్ క్లబ్బులో డ్రైసూట్ నేర్చుకోవడానికి వెళ్లిన మొదటి రోజు స్విమ్మింగ్ పూల్ పక్కన నాకు దానికే ముప్పావుగంట పట్టింది. మణికట్టు పట్టీలు చిరగకుండా ఉండాలంటే ముందు టాల్కం పౌడరు చల్లి, నాలుగు వేళ్లూ ముక్కులా ఒక్కచోట చేర్చి, పట్టీని లాగకుండా చేతిని లోపలికి జార్చాలి. మెడ పట్టీలోంచి తల దూర్చేటప్పుడు ఒక్క క్షణం ఊపిరాడనట్టు ఉంటుంది, తరవాత రెండు మూడు నిమిషాలు ఎవరో గొంతు పట్టుకున్నట్టే ఉంటుంది. నాకు పొడుగు జడ. ఎంత బిగించి ముడి వేసినా మెడ వెనక ఒక్క వెంట్రుక పట్టీ కిందకు చేరింది. పూల్‌లో దిగిన పది నిమిషాలకు వెన్నులోంచి సన్నగా చన్నీటి ధార జారడం మొదలైంది. ఆ ఒక్క వెంట్రుకే నీటికి కాలువైందంటే అప్పుడు నమ్మలేదు. రెండో వారం కుడి చేయి మోచేతి వరకూ తడిసింది. అన్నవరంలో అమ్మ కట్టించిన ఎర్రదారం పట్టీ కింద ఉండిపోవడమే అందుకు కారణం. దాన్ని తెంపడానికి మనసొప్పక, పూల్‌కు వెళ్లిన ప్రతిసారీ మోచేతి పైకి జరుపుకుని దిగడం అలవాటు చేసుకున్నాను. లోపల నూలు బనియను వేసుకోవడం నేను చేసిన మూడో తప్పు. మన ఎండలకు అలవాటైన ఒంటికి నూలు హాయి గానీ, డ్రైసూట్ లోపల అది చెమటను పీల్చుకుని తడిగుడ్డలా ఒంటికి అంటుకుంటుంది, ఆ తడి నీళ్లలో దిగాక చలిగా మారుతుంది. చెమటను ఒంటి నుంచి బయటికి లాగే ఉన్ని గానీ, సింథటిక్ గానీ లోపల వేసుకోవాలి. వీపు మీది జిప్‌ను ఎవరికి వారు చూసుకోలేరు కాబట్టి తోటివారు వేసిపెట్టాలి, చివరి అంగుళం కూడా మూసుకుందని వేలు పెట్టి చూడాలి. ఆ చివరి అంగుళం దగ్గరే ఎక్కువమంది తడుస్తారు. అన్నీ అయ్యాక గొంతుకూర్చుని, మెడ పట్టీని వేలితో కాస్త ఎత్తి, సూటులో మిగిలిన అదనపు గాలిని బుస్సున బయటికి పంపాలి. అప్పుడు మనిషి చుట్టూ సూటు నలిగిన కాగితంలా అతుక్కుంటుంది, చూడడానికి నవ్వొస్తుంది కూడా.

ఇక నీటిలోపలి సంగతి. స్కూల్లో చదివిన బాయిల్ సూత్రం ఇక్కడ ఒంటి మీద అనుభవమవుతుంది. నీటిలో పది మీటర్లు దిగేసరికి ఒత్తిడి రెట్టింపవుతుంది, సూటులోని గాలి సగానికి కుంచించుకుపోతుంది. సూటు మడతలు తొడల మీద, చంకల దగ్గర చర్మాన్ని గిల్లుతాయి, పట్టించుకోకపోతే మర్నాటికి ఎర్రటి వాతలు తేలుతాయి. అందుకని ఛాతీ మీది వాల్వ్ నొక్కి, సిలిండర్‌లోని గాలిని కొంచెం కొంచెంగా సూటులోకి వదలాలి. దిగేటప్పుడు ఇది సులభమే. ఎక్కేటప్పుడు అదే గాలి వ్యాకోచిస్తుంది. ముప్పై మీటర్ల నుంచి ఇరవైకి వస్తే మూడో వంతు పెరుగుతుంది, ఇరవై నుంచి పదికి వస్తే సగం పెరుగుతుంది, చివరి పది మీటర్లలో రెట్టింపు అవుతుంది. లోతు తగ్గుతోంది కదా, ప్రమాదం తప్పింది కదా అనుకునే చోటే గాలి అన్నిటికన్నా వేగంగా ఉబ్బుతుంది. దాన్ని ఎప్పటికప్పుడు ఎడమ భుజం దగ్గరి వాల్వ్ నుంచి వదిలేయాలి. గాలి ఎప్పుడూ పైకే పోతుంది కాబట్టి, వాల్వ్ మిగతా ఒంటికన్నా ఎత్తులో ఉంటేనే బయటికి వెళ్తుంది. అందుకే డైవర్లు ఎడమ మోచేతిని రెక్కలా ఎత్తి పైకి వస్తారు. వదలడం ఆలస్యమైతే గాలి ఉబ్బి మనిషిని ఇంకా పైకి లాగుతుంది, పైకి వెళ్లినకొద్దీ ఇంకా ఉబ్బుతుంది. మధ్యలో ఆపడం చాలా కష్టం. అంత వేగంగా పైకి వస్తే రక్తంలో కరిగిన నత్రజని బుడగలు కట్టవచ్చు, ఊపిరి బిగబడితే ఊపిరితిత్తులే చిరగవచ్చు. 1837లో లండన్‌లో అగస్టస్ సీబ్ రాగి హెల్మెట్‌కు రబ్బరు గుడ్డ దుస్తులు జోడించి తయారు చేసిన డైవింగ్ డ్రెస్సు మన డ్రైసూట్‌కు తాతముత్తాత. ఆ డ్రెస్సుల కాలంలోనూ డైవర్లకు ఇదే భయం ఉండేది.

మామూలు డైవింగ్‌లో, సిలిండర్‌ను వీపున పట్టి ఉంచుతూ, తేలడానికి గాలి నింపుకునే జాకెట్టులోని గాలి ఒక్కటే సర్దుకోవాలి. డ్రైసూట్‌లో జాకెట్టు గాలి ఒకటి, సూటు గాలి ఒకటి, రెండు గుర్రాలను ఒకే పగ్గంతో తోలినట్టు ఉంటుంది. నీటిలో ఉండగా తేలడానికి సూటులోని గాలినే వాడాలని కొందరు శిక్షకులు అంటారు, సూటులో గిల్లుడు పోయేంత గాలే ఉంచి మిగతాది జాకెట్టులో ఉంచాలని మరికొందరు అంటారు. ఈ తగవు ఇక్కడి క్లబ్బుల్లో టీ తాగుతూ గంటలు గంటలు నడుస్తుంది. నడుముకు కట్టిన సీసం సరిగ్గా సరిపోతే రెండు పద్ధతులకూ పెద్ద తేడా లేదని నాకు అనిపిస్తుంది. సరిపోకపోతే మాత్రం రెండూ పనిచేయవు. నా విషయంలో ఆ సరిపోకపోవడమే జరిగింది.

లెస్టర్ నుంచి అరగంట ప్రయాణంలో స్టోనీ కోవ్ అనే పాత గ్రానైట్ క్వారీ ఉంది. 1958లో రాయి తీయడం ఆపేశాక ఊటనీటితో నిండిపోయింది. ఉత్తర సముద్రంలో చమురు బావుల దగ్గర పనిచేయడానికి వెళ్లే డైవర్లు ఒకప్పుడు అక్కడ శిక్షణ పొందారు. మెట్లు మెట్లుగా రాయి తవ్వారు కనుక ఆరేడు మీటర్ల దగ్గర ఒక అరుగు, ఇరవై దగ్గర ఒకటి, ముప్పై అయిదు దగ్గర అడుగు ఉంటాయి. నేర్చుకునేవారికి అంతకన్నా అనువైన చోటు ఉండదు. నేను మొదటి డైవ్‌లు అక్కడి మొదటి అరుగు మీదే చేశాను. నా దుర్ఘటన మాత్రం వేరొక క్వారీలో, జనవరిలో జరిగింది. నీళ్లు అయిదు డిగ్రీలు. అప్పటికి నాకు సొంత సూటు లేదు. అద్దెకిచ్చిన దుకాణంలో నా కొలత సూటు లేక, ఒక కొలత పెద్దది ఇచ్చి, "కాస్త వదులుగా ఉంటే లోపల ఇంకో స్వెటరు పడుతుంది" అన్నారు. నాకూ ఆ మాట నచ్చింది. వదులు సూటు, దాని కింద రెండు పొరల ఉన్ని, అంత గాలిని ముంచడానికి పద్నాలుగు కిలోల సీసం. చలి వేయకూడదన్న ఒక్క ఆలోచనతోనే ఆ రోజు అన్నీ అమర్చుకున్నాను.

ఎనిమిది మీటర్ల దగ్గర ఒక బండ కింద నీటి ఎండ్రకాయ లాంటిది ఏదో కదిలితే, చూడాలని తల కిందికి వంచాను. అంతే. అప్పటిదాకా భుజాల దగ్గర ఉన్న గాలంతా ఒక్కసారిగా వెన్ను మీదుగా కాళ్లలోకి పరుగెత్తింది. బూట్లు పెద్దవి కనుక పాదాలు వాటిలోంచి జారిపోయాయి, ఉబ్బిన బూట్ల నుంచి ఒక ఫిన్ (ఈదడానికి పాదానికి తొడిగే తెడ్డు) ఊడిపోయింది. క్షణంలో నేను తలకిందులుగా, కాళ్లు ఆకాశానికి పెట్టి, గాలిపటంలా పైకి లేస్తున్నాను. గాలి వదిలే వాల్వ్ నా ఎడమ భుజం మీద ఉంది, భుజం ఇప్పుడు అట్టడుగున ఉంది, గాలి పాదాల దగ్గర ఉంది. ఎంత నొక్కినా వాల్వ్ నుంచి ఒక్క బుడగ రాలేదు. మోకాళ్లను పొట్టకు ముడుచుకుని, పిల్లిమొగ్గ వేసినట్టు దొర్లి నిటారుగా రావాలని పూల్‌లో నేర్పారు, నేను చేశాను కూడా. కానీ పూల్‌లో నా కొలత సూటు వేసుకుని చేశాను. ఈ ఉబ్బిన కాళ్లు ముడుచుకోలేదు. నా వెంట ఉన్న శిక్షకుడు సీసపు పట్టీ పట్టుకుని వేలాడి, నన్ను నిటారుగా తిప్పి, నా ఎడమ చేయి పైకెత్తి పట్టుకున్నాడు. భుజం దగ్గర గాలి బుసబుసా పోయింది. ఇద్దరం మెల్లగా గట్టుకు చేరాం. నాకు ఏమీ కాలేదు. లోతు తక్కువ, అప్పటికి దిగి పది నిమిషాలే అయింది, ఊపిరి బిగబట్టకూడదన్న పాఠం ఒక్కటి గుర్తుంది. గట్టుమీద కూర్చున్నాక చేతులు వణికింది చలికి మాత్రం కాదు.

తరవాత శిక్షకుడు మందలించలేదు. నా నడుముకున్న సీసం తీసి గట్టుమీద పెట్టి, ఒక్కొక్క దిమ్మనూ చూపిస్తూ, "మునగడానికి దీన్ని కట్టుకున్నావు. అది ముంచినందుకు తేలడానికి సూటులో గాలి నింపావు. ఆ గాలే నిన్ను తిరగేసింది" అన్నాడు. మరుసటి వారం నా కొలత సూటులో, సిలిండర్‌లో గాలి దాదాపు అయిపోవచ్చినప్పుడు కూడా అయిదు మీటర్ల దగ్గర కదలకుండా నిలబడగలిగేంత సీసం ఎంతో తూచి చూస్తే, పదిన్నర కిలోలు చాలింది. మిగతా మూడున్నర కిలోలు కేవలం భయం బరువు. ఉప్పునీటిలో ఇంకో రెండు మూడు కిలోలు ఎక్కువ పడుతుంది కనుక, సముద్రానికి వెళ్లేముందు ఈ తూకం మళ్లీ మొదటినుంచి వేసుకోవాలి. అండమాన్ లెక్క క్వారీలో పనికిరాదు, క్వారీ లెక్క సముద్రంలో పనికిరాదు.

చలి చేసే మరొక పని రెగ్యులేటర్‌ను, అంటే సిలిండర్‌లోని గాలి ఒత్తిడి తగ్గించి నోటికి అందించే పరికరాన్ని, గడ్డకట్టించడం. సిలిండర్‌లో 232 బార్ ఒత్తిడితో (మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడికి సుమారు 230 రెట్లు) ఉన్న గాలి ఒక్కసారిగా తక్కువ ఒత్తిడికి వచ్చేటప్పుడు చల్లబడుతుంది. గ్యాస్ పొయ్యి సిలిండర్ ఎక్కువసేపు మండిస్తే దాని గోడ చల్లబడి చెమ్మ పడుతుందని మన వంటింట్లో అందరికీ తెలుసు, ఇది సరిగ్గా అదే కాకపోయినా చూడడానికి అలాంటిదే. చుట్టూ ఉన్న నీరే నాలుగయిదు డిగ్రీలు ఉంటే, ఆ పైన ఈ చల్లదనం తోడయితే, వాల్వ్ చుట్టూ మంచు కట్టి అది తెరుచుకున్నట్టే ఉండిపోతుంది. గాలి ఆగకుండా బయటికి ఎగజిమ్ముతుంది. కొన్ని నిమిషాల్లో సిలిండర్ ఖాళీ అవుతుంది. అందుకే ఈఎన్ 250 అనే యూరోపు ప్రమాణంలో 10 డిగ్రీలకన్నా చల్లని నీటికి పరీక్ష చేయని రెగ్యులేటర్ మీద, 10 డిగ్రీలకు పైన మాత్రమే వాడాలన్న గుర్తు వేయాలని ఉంది. మన తీరాల్లో వాడే రెగ్యులేటర్‌ను సూట్‌కేసులో పెట్టుకుని ఐస్‌లాండ్ వెళ్లాలనుకునేవారు ముందు ఆ గుర్తు చూసుకోవాలి. గడ్డకట్టే చలిలో గట్టుమీద నిలబడి రెగ్యులేటర్ నుంచి ఊపిరి తీసి పరీక్షించడం కూడా తప్పే, ఊపిరిలోని తేమే అందులో మంచు అవుతుంది. సూటులోకి గాలి వదిలేటప్పుడు వాల్వ్‌ను ఒకేసారి గట్టిగా నొక్కి ఉంచకుండా, చిన్న చిన్నగా తాటించాలి. ఆ వాల్వ్ ఇరుక్కుపోయి గాలి ఆగకపోతే, దాని గొట్టాన్ని చేత్తో లాగి ఊడదీయాలి. అయిదు మిల్లీమీటర్ల గ్లవ్స్ లోపల మొద్దుబారిన వేళ్లతో, కళ్లకు కనిపించని చోట, ఆ గొట్టం ఊడదీయడం నాకు మొదట ఆరేడు ప్రయత్నాలకు గానీ పట్టుబడలేదు. ఇది పుస్తకం చదివితే రాదు.

వేళ్ల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. ఒళ్లు వెచ్చగా ఉన్నా ముఖం, పెదవులు, వేళ్లు బయటి చలికి బలి అవుతాయి. దిగిన మొదటి నిమిషం నుదుటి మీద ఐస్‌ముక్క తిన్నట్టు నొప్పి పుడుతుంది, తరవాత పెదవులు మొద్దుబారి నోట్లో గొట్టం ఉందో లేదో తెలియదు. బొటనవేలితో చిటికెనవేలిని ముట్టుకోలేకపోతే డైవ్ ముగించాలని మా క్లబ్బులో నియమం. ఇంకా గాలి ఉంది, ఇంకా చూడాల్సింది ఉంది అనే బేరం అప్పుడు కుదరదు. ఫార్మసిస్టుగా మరొక మాట కూడా చెప్పాలి. చల్లని నీటిలో చర్మం కింది రక్తనాళాలు ముడుచుకుని రక్తం ఛాతీ వైపు చేరుతుంది. రక్తపోటు ఉన్నవారిలో దీనివల్ల ఊపిరితిత్తుల్లోకి నీరు చేరే ప్రమాదం ఎక్కువ. నలభై దాటిన మనవాళ్లలో బీపీ మాత్రలు వేసుకునేవారు ఎందరో నా కౌంటరు దగ్గర రోజూ చూస్తుంటాను. వారు చల్లని నీటిలో డైవింగ్‌కు దిగేముందు, ఆ విషయం తెలిసిన డాక్టరును సంప్రదించడం తప్పనిసరి. అలా రక్తం లోపలికి చేరడం వల్లనే మూత్రం కూడా ఎక్కువగా వస్తుంది. గంటసేపు ఆ సూటు విప్పడానికి వీల్లేదు కదా అని కొందరు ఆడవాళ్లు ముందురోజు నుంచే నీళ్లు తాగడం మానేస్తారు. నేనూ మానేశాను. ఒంట్లో నీరు తగ్గితే నత్రజని బుడగల బెడద పెరుగుతుందని తెలిశాక, పెద్దవాళ్లకు అమ్మే డైపర్లు కొనుక్కున్నాను. రాయడానికి కొంచెం మొహమాటంగా ఉన్నా, సూటు కొనేవారికి ఈ మాట ఎవరూ ముందుగా చెప్పరు కనుక రాశాను.

భయపెట్టడానికి ఇదంతా రాయలేదు. ఆ చలికాలం చివరికి, ఇరవై రెండో డైవ్ నాటికి, సూటులో గాలి ఎక్కడుందో ఒంటికే తెలియడం మొదలైంది. కాళ్లలోకి గాలి చేరుతున్నదని అనిపించగానే ఆలోచించకుండానే నడుము సర్దుకునేదాన్ని. ఆ తరవాతి ఏడాది మార్చిలో సిల్ఫ్రాకు వెళ్లాను. గట్టుమీద గాలి మైనస్‌లో ఉంది, నీళ్లే మేలనిపించింది. రెండు గోడల నడుమ ఆ నీలంలో, కింద రాళ్లు చేతికి అందేంత దగ్గరగా కనిపిస్తుంటే, లోతు చూసే కంప్యూటర్ పదహారు మీటర్లని చెప్పింది. నీరు మరీ తేటగా ఉండడం కూడా ఒక మాయే, దిగుతున్నామన్న సంగతే తెలియదు. నా పక్కన ఒక యువకుడు, అప్పుడే డ్రైసూట్ సర్టిఫికెట్ తెచ్చుకున్నవాడు, చేతులతో ఈదుతూ, లేస్తూ, మునుగుతూ, గైడు ముఖం తప్ప ఇంకేమీ చూడకుండానే ముప్పై నిమిషాలు గడిపి బయటికి వచ్చాడు. నియమాల ప్రకారం అతనికి అర్హత ఉంది. డబ్బు ఖర్చుపెట్టి అంతదూరం వచ్చినందుకు అతనికి ఆ పగులు కనిపించలేదన్నదే నా బాధ.

కాబట్టి నా మనవి ఇది. మీ అనుబంధంలో, వీలయితే అదే పేజీలో, స్నార్కెలింగ్‌కూ డైవింగ్‌కూ గల తేడాను, డైవింగ్‌కు కావలసిన రుజువును ఒక చిన్న సవరణగా ప్రచురించండి. హైదరాబాదు, విజయవాడ, విశాఖల్లో ఐస్‌లాండ్ ప్యాకేజీలు అమ్మే ట్రావెల్స్ వారు డబ్బు తీసుకునేముందే ఈ సంగతి చెప్పాలి, ఐస్‌లాండ్ రాజధాని రేక్యావిక్‌లో దిగాక హోటల్లో చెబితే లాభం లేదు. ఐస్‌లాండ్‌లోనే రెండు రోజుల్లో డ్రైసూట్ నేర్పేవారు ఉన్న మాట నిజమే, వారు బాగానే నేర్పుతారు కూడా. అయినా మొదటి పాఠం రెండు డిగ్రీల నీటిలో చదవడం కన్నా, గోరువెచ్చని పూల్‌లో ఒక పూట, ఆ తరవాత గట్టు కనిపించే లోతులేని నీటిలో ఏడెనిమిది సార్లు చదవడం మంచిదని నా మాట. బ్రిటన్, ఐర్లండ్, జర్మనీ వంటి దేశాల్లో చదువుకుంటున్న, ఉద్యోగాలు చేస్తున్న మన పిల్లలకు ఇది అందుబాటులోనే ఉంది. బ్రిటిష్ సబ్ ఆక్వా క్లబ్ 1953 నుంచి నడుస్తోంది, దాని శాఖలు చాలా ఊళ్లలో ఉన్నాయి. వారంలో ఒక సాయంత్రం పూల్, ఆదివారం క్వారీ. సొంత సూటు కొనవలసిన పని కూడా వెంటనే ఉండదు, కొలత సరిపోయినదే అద్దెకు అడగాలి, సరిపోకపోతే ఆ రోజుకు మానేయాలి.

మావాడు నా మాటలన్నీ విని, "అయితే సూటు కొలత ఎలా చూసుకోవాలి పెద్దమ్మా?" అని అడిగాడు. దాన్ని వేసుకుని గొంతుకూర్చోగలగాలి, రెండు చేతులూ తలపైకి ఎత్తగలగాలి, చేత్తో భుజం వాల్వ్ అందుకోగలగాలి, బూట్లలో పాదం ముందుకూ వెనక్కూ జారకూడదు అని చెప్పాను. వాడు ఫిబ్రవరి ప్రయాణంలో డైవింగ్‌ను స్నార్కెలింగ్‌గా మార్చుకున్నాడు. వచ్చే వేసవిలో నా దగ్గరికి వచ్చి నెల్లాళ్లుంటానని అంటున్నాడు. పూల్‌లో వాడి పేరు రాయించాను.

భవదీయురాలు,
ఒక పాఠకురాలు,
లెస్టర్, ఇంగ్లండ్